చుట్టుతెర

వెలుగును ఇంట్లోకి రానిస్తూ ఎండను మాత్రం గడప బయటనే నిలిపివేయడం గృహనిర్మాణంలో చాలా పాత సమస్య. తెలుగునాట పూర్వపు ఇండ్లు దానిని గోడకు వెలుపలనే పరిష్కరించుకొన్నాయి. ముందుకు వాలిన చూరు, ఇంటి ముందు వసారా, నడిమధ్య మండువా, చిన్న కిటికీలు, వాటికి చెక్క రెక్కలు ఉండేవి. ఎండ గోడను తాకకముందే దాని బలం సగం తగ్గిపోయేది. నడివేసవిలో కలిగిన వారి గుమ్మాలకు వట్టివేరు తడకలు వేలాడేవి. వాటిపై నీళ్లు చల్లితే వడగాలి సైతం చల్లబడి, సువాసన నింపుకొని లోపలికి వచ్చేది. లేనివారికి తాటాకు తడికో వెదురు తడికో ఉండనే ఉండేది. ఆ తడికను అల్లుకోవడం ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చి ఉండేది.

నేటి పట్టణాలలోని అపార్టుమెంటులకు చూరు లేదు, వసారా లేదు. పడమటి గోడకు వెడల్పాటి గాజు కిటికీ మాత్రం ఉన్నది. గాజుకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. సూర్యకాంతిని అది సులభంగా లోపలికి పోనిస్తుంది. ఆ కాంతి నేలను, గోడను, మంచాన్ని తాకి వేడిగా మారిన పిదప ఆ వేడి కిరణాలను తిరిగి వెలుపలికి పోనివ్వదు. అందువల్లనే సాయంత్రం ఆరు గంటలకు వీధి చల్లబడినా గది చల్లబడదు. పగలంతా నిప్పులు చెరిగే మే నెలలో పడమటి గదిలో కూర్చుని చదువుకొనే విద్యార్థికి ఈ సంగతి ఏ భౌతికశాస్త్ర గ్రంథమూ చెప్పనక్కరలేదు.

ఈ కిటికీలకు ఇప్పుడు విరివిగా వాడుతున్న సాధనం రోలర్ బ్లైండ్. దీనిని తెలుగులో చుట్టుతెర అనవచ్చు. ఒక గొట్టం, దానికి అంటించిన గుడ్డ, గుడ్డ అడుగున బరువుకు ఒక పట్టీ, గొట్టాన్ని పట్టి ఉంచే రెండు కొక్కేలు, పైకీ కిందికీ తిప్పడానికి పూసల గొలుసో స్ప్రింగో ఉంటే చాలు, చుట్టుతెర తయారవుతుంది. అంగడిలో దొరికేవాటిలో చాలావరకు పాలియెస్టర్ గుడ్డవో, ప్లాస్టిక్ పూత పూసినవో ఉంటాయి. కొలతలు చెప్పి డబ్బు కడితే మనిషి వచ్చి బిగించి వెళ్తాడు. అది సులువే. అయినా ఈ తెరను ఇంట్లోనే, ఇంటివారి చేతులతో, వీలైతే చేనేత గుడ్డతో చేసుకోవడం మేలు. ముఖ్యంగా పదహారు, పదిహేడేళ్ల వయసున్న పిల్లలు దీనికి పూనుకోవాలి.

దీనివల్ల డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఎవరూ అనుకోరాదు. గొట్టం, కొక్కేలు, గొలుసు, పట్టీ విడిగా కొని, మంచి గుడ్డ తెచ్చి లెక్క చూస్తే, అంగడిలోని చౌక తెర కంటే కొన్నిసార్లు ఎక్కువే కావచ్చు. ఇంగ్లండు వంటి దేశాలలో సొంత గుడ్డతో చుట్టుతెర చేసుకొనేందుకు గొట్టంతో సహా అన్ని భాగాలనూ ఒకే పెట్టెలో అమ్ముతారు. అక్కడ మనిషి కూలి ఎక్కువ కనుక ఇంటిపని ఇంటివారే చేసుకొంటారు. ఇక్కడ కూలి తక్కువ. తక్కువ కూలికి దొరికే పని తక్కువ పని అనే భావం మన మనసులలో ఎంత లోతుగా పాతుకొన్నదంటే, చదువుకొన్నవాడు గోడకు మేకు కొట్టడం కూడ నామోషీగా తోస్తుంది. అసలు ఇబ్బంది కిటికీలో లేదు, ఇక్కడున్నది.

చుట్టుతెర పని చూడడానికి ఎంత తేలికో చేయడానికి అంత నిక్కచ్చి అయినది. మామూలు కర్టెన్ వంకరగా కుట్టినా కుచ్చులలో ఆ వంకర దాగిపోతుంది. చుట్టుతెర దేనినీ దాచదు. ఒకవైపు రెండు మిల్లీమీటర్లు జారినా రోజూ ఆ తప్పును కళ్ల ముందు విప్పి చూపిస్తుంది.

మొదట కొలత తీసుకోవాలి. కిటికీ చట్రం లోపల తెర బిగించాలంటే వెడల్పును ఒకచోట కొలిస్తే చాలదు. పైన, నడుమ, అడుగున మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన దానినే లెక్కలోకి తీసుకోవాలి. తాపీమేస్త్రి ఎంత నేర్పరి అయినా గోడలు పూర్తిగా నిలువుగా ఉండడం అరుదు. మూడు కొలతలూ ఒకటిగా వస్తే ఆ మేస్త్రిని వెదకి మెచ్చుకోవలసిందే. ఆ వెడల్పులో కొక్కేలకు చోటు విడిచి గొట్టాన్ని కోయాలి. గుడ్డ వెడల్పు గొట్టం కంటే కొద్దిగా తక్కువ ఉండాలి, లేకుంటే అంచులు కొక్కేలకు రాసుకొని పీచులు లేస్తాయి. కాబట్టి తెరకు ఇరువైపులా సన్నని వెలుగు గీతలు తప్పవు. ఆ గీతలు వద్దనుకొనేవారు చట్రానికి వెలుపల, గోడపైననే తెరను బిగించుకోవాలి.

ఇక గుడ్డ సంగతి. అందరూ ముందుగా రంగు చూస్తారు. చూడవలసింది నేత. గుడ్డ అంతటా ఒకే మందంలో ఉండాలి, పడుగు పేకలు దగ్గరగా ఉండాలి. గుంటమగ్గంపై ఒత్తుగా నేసే మంగళగిరి నూలుగుడ్డ ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. పోచంపల్లి ఇక్కత్ గుడ్డ కిటికీకి గొప్ప అందాన్నిస్తుంది. అందులో రంగు పూతగా పైన ఉండదు, నేయకముందే నూలుకు అద్దబడి ఉంటుంది కనుక తెర రెండు వైపులా చూడదగినట్లే ఉంటుంది. మచిలీపట్నం సమీపంలోని పెడనలో అచ్చువేసే కలంకారీ గుడ్డ విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. సహజమైన రంగులు నిత్యం ఎండకు ఎదురుగా నిలిస్తే వెలిసిపోతాయి. దానిని వాడదలచినవారు ఎండ తక్కువగా తగిలే ఉత్తరపు కిటికీకి వాడుకోవడం మేలు.

పాత పట్టుచీరను తెరగా మార్చాలనే కోరిక చాలామందికి కలుగుతుంది. అది సాధారణంగా ఫలించదు. జరీ అంచు చీర ఒడలికంటే మందంగా ఉంటుంది. గొట్టంపై చుట్టిన కొద్దీ అంచులవైపు చుట్ట లావెక్కుతుంది, నడుమ గుడ్డ వదులై సంచిలా వేలాడుతుంది. అమ్మమ్మ చీరను పెట్టెలోనే ఉండనివ్వడం చీరకూ కిటికీకీ క్షేమం.

చేనేత గుడ్డ పన్నా సామాన్యంగా నలభై నాలుగు నుంచి నలభై ఎనిమిది అంగుళాలు ఉంటుంది. కిటికీ అంతకంటే వెడల్పైతే రెండు ముక్కలను కలిపి కుట్టాలని తోస్తుంది. ఆ కుట్టు దగ్గర మందం రెట్టింపై చుట్టలో గట్టులా లేస్తుంది. అంతకంటే ఒక కిటికీకి రెండు తెరలు పక్కపక్కన బిగించడం మంచిది. ఒకదానిని దించి మరొకదానిని ఎత్తి ఉంచే వెసులుబాటు కూడ కలుగుతుంది.

తడపడం అనే పనిని ఎక్కువమంది తేలికగా తీసుకొంటారు. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నూటికి ఐదు పాళ్లు తగ్గిందనుకొంటే నూట యాభై సెంటీమీటర్ల గుడ్డలో ఏడున్నర సెంటీమీటర్లు మాయమైనట్లే. కోసిన తరువాత తడిపితే ఆ లోటును పూడ్చే ఉపాయం లేదు. అందుచేత ముందు తడిపి, నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, ఆ పిమ్మటనే కత్తెర పట్టాలి.

మెత్తని గుడ్డ గొట్టంపై సాఫుగా చుట్టుకోదు. దానికి బిరుసుదనం కావాలి. తెలుగు ఇండ్లలో గంజి పెట్టడం తెలియని తరం నిన్నమొన్నటి వరకు లేదు. బియ్యపు గంజి గుడ్డను నిలబెడుతుంది గాని, సముద్రతీరపు ఊళ్లలో తేమకు మెత్తబడుతుంది, పురుగులను కూడ పిలుస్తుంది. అందుకు బదులుగా వడ్రంగులు వాడే తెల్లని జిగురును నీళ్లలో పలుచగా కలిపి పూయవచ్చు. మొదట ఒక చిన్న ముక్కపై పూసి, ఆరిన తరువాత రంగు మారిందేమో, మరకలు కట్టిందేమో చూసుకోవాలి. ఈ పూత వల్ల మరొక ప్రయోజనం ఉన్నది. కోసిన అంచుల నుంచి దారాలు ఊడవు. కాబట్టి నిలువు అంచులను మడిచి కుట్టవలసిన అవసరం ఉండదు. కుడితే జరీ అంచు చేసే చేటునే ఆ మడత కూడ చేస్తుంది.

కత్తిరించడంలోనే ఈ పని గుట్టు ఉన్నది. నాలుగు మూలలూ లంబకోణాలు కావాలి. చిన్న మూలమట్టంతో గజం పొడవున్న గుడ్డను సరిచూడడం కుదరదు. మూల నుంచి ఒక అంచున అరవై సెంటీమీటర్లు, రెండవ అంచున ఎనభై సెంటీమీటర్లు గుర్తు పెట్టి, ఆ గుర్తుల నడుమ దూరం కొలిస్తే సరిగా నూరు సెంటీమీటర్లు రావాలి. పునాది గీతలు గీసే మేస్త్రి తాడుతో మూడు, నాలుగు, ఐదు కొలిచి చేసేది ఈ పనినే. బౌధాయన శుల్బసూత్రాలలో యజ్ఞవేదికల కొలతల సందర్భంలో చెప్పినదీ, పదవ తరగతి గణితంలో పైథాగరస్ పేరుతో చదివేదీ ఈ సూత్రమే. మార్కుల కోసం దానిని పదిసార్లు నిరూపించిన విద్యార్థులలో గుడ్డమీద ఒక్కసారైనా ప్రయోగించి చూసినవారు ఎందరు?

లెక్క తప్పితే ఏమవుతుందో కూడ లెక్కగట్టవచ్చు. మీటరు వెడల్పున్న గుడ్డను గొట్టానికి అంటించేటప్పుడు ఒక కొస రెండు మిల్లీమీటర్లు కిందికి జారిందనుకొందాం. మీటరున్నర పొడవు చుట్టుకొనేసరికి గుడ్డ పక్కకు మూడు మిల్లీమీటర్లు ఒరుగుతుంది. అంతవరకు ఫరవాలేదు. అదే సెంటీమీటరు జారితే ఒరుగు పదిహేను మిల్లీమీటర్లవుతుంది. అంచు కొక్కేనికి తగిలి చిరుగుతుంది. అప్పుడు చేయగలిగిందల్లా గుడ్డను ఊడదీసి మళ్లీ అంటించడమే. ఆ విసుగు మంచిదే. ఏ పరీక్షా ఇంత వెంటనే, ఇంత నిష్పక్షపాతంగా తప్పు చూపించదు.

చుట్ట ఎంత లావు అవుతుందో ముందే తెలుసుకోవడం మరొక చక్కని లెక్క. ముప్ఫై రెండు మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టానికి అర మిల్లీమీటరు మందమున్న గుడ్డను మీటరున్నర చుడితే, గుడ్డ పక్క అంచు వైశాల్యం ఏడువందల యాభై చదరపు మిల్లీమీటర్లు. ఆ వైశాల్యమే గొట్టం చుట్టూ వలయంగా పరచుకొంటుంది. వృత్త వైశాల్య సూత్రంతో గణిస్తే మొత్తం చుట్ట వ్యాసం దాదాపు నలభై నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తుంది. గుడ్డ మందం ఒక మిల్లీమీటరైతే అది యాభై నాలుగుకు పెరుగుతుంది. కొక్కెం గోడకు ఎంత దూరంలో ఉండాలో ఈ లెక్క చెబుతుంది. దీనిని పట్టించుకోని తెర గోడను గీసుకొంటూ తిరుగుతుంది.

గొలుసు లేకుండా స్ప్రింగుతో పనిచేసే చుట్టుతెరలో దాగిన తెలివి మరింత ఆసక్తికరమైనది. అమెరికాకు చెందిన స్టీవర్ట్ హార్ట్‌షార్న్ 1864లో దీనికి పేటెంటు పొందాడు. గొట్టం లోపల స్ప్రింగు ఉంటుంది. తెరను కిందికి లాగితే అది బిగుసుకొంటుంది. గొట్టం కొసన ఒక గంటు, దానిలో పడే చిన్న మీట ఉంటాయి. లాగిన చేయి మెల్లగా ఆగితే మీట తన బరువుతో గంటులో పడి తెరను నిలిపివేస్తుంది. కొద్దిగా లాగి వదిలితే మీట జారుతుంది. గొట్టం వేగంగా తిరుగుతున్నంతసేపూ ఆ వేగమే మీటను బయటికి నెట్టి గంటులో పడనివ్వదు. గురుత్వాకర్షణ, భ్రమణవేగం రెండూ ఒక చిన్న లోహపు ముక్కతో ఆడే ఆట ఇది. పాత స్ప్రింగు తెర ఒకటి దొరికితే విప్పి చూడదగినది. విప్పేటప్పుడు స్ప్రింగు ఒక్కసారిగా తెరుచుకొని వేళ్లకు తగలకుండ జాగ్రత్తపడాలి.

పూసల గొలుసు తెరకు ఉన్న అపాయాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. ఉచ్చులా వేలాడే గొలుసులు, తాళ్లు చంటిపిల్లల మెడకు చుట్టుకొని ప్రాణాలు తీసిన ఉదంతాలు అనేక దేశాలలో ఉన్నాయి. గొలుసు అడుగును గోడకు బిగుతుగా పట్టి ఉంచే కొక్కెం తప్పనిసరిగా వేయాలి. పసిపిల్లలున్న ఇంటికి స్ప్రింగు తెరే శ్రేయస్కరం. గుడ్డతెర పొయ్యి దగ్గరి కిటికీకి పనికిరాదనే మాట కూడ మరువరాదు.

ఇంత శ్రమించి చేసిన తెర ఎండను పూర్తిగా ఆపుతుందా అంటే, ఆపదు. గాజుకు లోపలివైపున ఉన్న ఏ తెరకైనా ఇది పరిమితి. ఎండ గాజును దాటి వచ్చిన తరువాతనే గుడ్డను తాకుతుంది. గాజువైపు తెల్లగా ఉంటే కొంత కాంతిని తిరిగి వెలుపలికి పంపుతుంది. ముదురు రంగు గుడ్డ దానిని పీల్చుకొని గదిలోనే వేడెక్కుతుంది. పూర్వుల తడకలు గోడకు బయట వేలాడడంలోని వివేకం ఇదే. బాల్కనీ ఉన్నవారు బయట ఒక వెదురు తడిక, లోపల ఈ గుడ్డతెర ఉంచుకొంటే రెండు కాలాల తెలివీ కలిసివస్తుంది.

ఇక అభ్యంతరాలు. ప్రతివారూ తమ తెర తామే చేసుకొంటే దర్జీ, తెరలు బిగించే కుర్రవాడు ఏం తిని బతకాలని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న కొట్టిపారవేయదగినది కాదు. అయితే ఒక్క తెరనైనా స్వయంగా చేసినవాడికి ఆ కుర్రవాడు అడిగిన కూలి ఎక్కువగా తోచదు. బేరమాడే నాలుక వెనక్కి తగ్గుతుంది. నేతగాడి సంగతీ అంతే. 2019–20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో ముప్ఫై అయిదు లక్షల మందికి పైగా చేనేత పనివారున్నారు. ఆ కుటుంబాలలో మూడింట రెండు వంతుల వాటికి నెల ఆదాయం ఐదువేల రూపాయలలోపే. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవ సభలలో వారిని పొగడడం 2015 నుంచి ఆనవాయితీ అయింది. పొగడ్తలు మగ్గానికి నూలును సమకూర్చవు. చీర ఏడాదికి ఒకటి కొంటారు. కిటికీలు ప్రతి ఇంటికీ నాలుగైదు ఉంటాయి. ఆ కిటికీలను పాలియెస్టర్‌కు వదిలివేసి చేనేతను కాపాడాలనడం పెదవుల మాటే అవుతుంది.

చదువుకొనే పిల్లలకు ఇంత తీరిక ఎక్కడిదన్నది రెండవ అభ్యంతరం. పోటీపరీక్షల శిక్షణలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాక గడిపేవారిని చూస్తే ఆ మాట అబద్ధమనిపించదు. కాని ఒక తెరకు రెండు ఆదివారాలు చాలు. చేతికి పని చెప్పని చదువు చదువే కాదని ఈ దేశంలో పెద్దలు ఎన్నడో గుర్తించారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీజీ చేతిపని కేంద్రంగా విద్య సాగాలని ప్రతిపాదించాడు. అంతకు చాలాముందే, 1910లో, కోపల్లె హనుమంతరావు మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యతో పాటు చేతిపనులకూ చోటిచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి వద్ద పని నేర్వాలని చెప్పింది. ఇంటర్మీడియెట్‌కు వచ్చేసరికి ఆ పది రోజులు కూడ లేవు.

మరొక చిక్కు ఇంట్లోనే ఉన్నది. కుట్టుపని ఆడపిల్లలదనీ, గోడకు డ్రిల్లింగ్ యంత్రం పెట్టడం మగపిల్లలదనీ ఒక అలిఖిత విభజన సాగుతున్నది. చుట్టుతెర ఆ విభజనకు లొంగదు. అడుగు పట్టీకి గుడ్డను మడిచి తిన్నగా కుట్టగలవారే రసమట్టం చూసి కొక్కేలు కూడ సమానంగా బిగించగలగాలి. అన్నాచెల్లెళ్లు ఈ పనిని పంచుకొంటే, ఎవరికి ఏది రాదో మొదటి ఆదివారమే తేలిపోతుంది. రెండవ ఆదివారం అన్న సూది పట్టాలి, చెల్లెలు డ్రిల్లింగ్ యంత్రం పట్టాలి.

నాలుగైదేళ్లకు ఎండ ఆ గుడ్డ రంగును తినివేస్తుంది. అంగడి తెర అయితే మొత్తం పారవేసి కొత్తది కొనడమే వాడుక. ఇంట్లో చేసినదానిని విప్పడం తెలుసు కనుక గుడ్డను మాత్రమే తీసి, అదే గొట్టానికి మరొక గుడ్డను అంటించవచ్చు. కొలతలు కాగితం మీద రాసి ఉంచితే ఈసారి ఒక్క ఆదివారంతోనే సరిపోతుంది. దిగిన గుడ్డలో గట్టిగా ఉన్న అడుగు భాగం కూరల సంచికి వస్తుంది.